వినుట కొక్కటి, వ్రాయుట రెండు

తెలుగును మన మించుమించు పలికినట్లే వ్రాయుదుము. 'పాలు' అన్నప్పుడు త్రాగెడు పాలో, పంచుకొను పాలో సందర్భమే తెలుపవలెను, వ్రాత తెలుపదు. ఆంగ్లభాష త్రోవ వేఱు. చెవి కొక్కటిగా దోచు పదము లందు కంటికి వేఱుగా గనబడును.

'ఫ్లవర్' అను ధ్వనిని జూడుడు. పువ్వునకు నదియే, గోధుమపిండికి నదియే. పూర్వమివి రెండును ఒక్క పదమే. ధాన్యమును విసరి జల్లింపగా వచ్చిన మేలైన భాగమును ఆంగ్లేయులు దాని పువ్వుగా భావించిరి. 1755లో శామ్యూల్ జాన్సన్ ప్రకటించిన నిఘంటువున సైతము పిండికి వేఱు వర్ణక్రమము లేదు. 'డబ్ల్యు, ఇ' అక్షరములు గల రూపము పువ్వునకును, వానికి మాఱుగా 'యు' గల రూపము పిండికిని తరువాతనే స్థిరపడినవి.

'స్టేషనరీ' కథ యింకను చక్కనిది. మధ్యయుగమున ఊరూర దిరిగి సరకు లమ్ముకొనువారు పెక్కుమంది. విద్యాపీఠముల చెంత నొక్కచోట అంగడి పెట్టి పుస్తకము లమ్మువాడు మాత్రము కదలక యుండెడివాడు గనుక 'స్టేషనర్' అయ్యెను. ఆ పేరు చివరనున్న 'ఇ' కాగితములను, కలములను దెలుపు పదమున నిలిచినది. కదలని వస్తువును దెలుపు పదమున ఆ చోట 'ఎ' యుండును.

'నైట్' అనగా రాత్రి; వీరుడును 'నైట్' అే. వీరుని పదమునకు ముందున్న 'కె' నొకప్పుడు స్పష్టముగా బలికెడివారు. 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టరున ముద్రణాలయము స్థాపించిన పిదప వర్ణక్రమము క్రమక్రమముగా గట్టిపడినది. నాలుక మాత్ర మాగలేదు. ధ్వని పోయినది, అక్షరము మిగిలినది.

కళాశాల 'ప్రిన్సిపల్' చివర 'ఎ, ఎల్' వ్రాయవలెను. 'ఎల్, ఇ' వ్రాసితిమా, మన అర్జీ ఆచార్యునికి గాక నియమమునకు జేరును!

మఱియొక చిక్కు మన చెవులది. ద్రాక్షతీగయు, ద్రాక్షసారాయమును మనకు 'వైన్' అనియే వినబడును. ఆంగ్లేయునికవి రెండు ధ్వనులు. మన 'వ' కారమొక్కటే రెండింటికిని బనిచేయుటచే నీ భ్రాంతి. తీగను బలుకునపుడు పైపండ్లు క్రిందిపెదవిని దాకవలెను. సారాయమును బలుకునపుడు పెదవులు గుండ్రముగా ముడువవలెను. అద్దము ముందు నిలిచి పలికి చూడుడు: పండ్లు పెదవిని దాకినచో తీగ, తాకనిచో సారాయము.