బుగ్గన పెట్టుకున్న ముక్క

మాంసం తినే ఇళ్లలో, చిన్నపిల్లలున్న చోట, రాత్రి భోజనాల దగ్గర తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "ముక్క నమిలి రసం మింగేసి పిప్పి ఉమ్మేస్తున్నాడు." కొందరు పిల్లలు ఉమ్మరు కూడా, బుగ్గన పెట్టుకుని అరగంట అలాగే కూర్చుంటారు. రుచి నచ్చలేదేమోనని అమ్మానాన్నలు మసాలా మారుస్తారు, కారం తగ్గిస్తారు, ఆఖరికి ప్యాకెట్ నగ్గెట్స్‌కి దిగుతారు. రసం మింగారంటే రుచి నచ్చినట్టే కదా! చిక్కంతా పళ్ల దగ్గర ఉంది. 20 పాలపళ్లూ రావడానికే దాదాపు మూడేళ్లు పడుతుంది. వచ్చాక కూడా పోగులు పోగులుగా ఉండే మటన్ నలిగేలా నమలడం ఆ చిన్న దవడకు పెద్ద పనే. ఆరేళ్ల ప్రాంతంలో ముందు పళ్లు ఊడటం మొదలైతే మళ్లీ ఇదే తంతు.

కాబట్టి ముందు ముక్క సంగతి చూడండి, మసాలా సంగతి తర్వాత. ఎముక ఉండదని చాలామంది పిల్లల కోసం చికెన్ చెస్ట్ పీసు అడుగుతారు. దాంట్లో కొవ్వు తక్కువ, కాస్త ఎక్కువ ఉడికితే చాలు పీచులా ఎండిపోతుంది. తొడ మాంసం ఎముక తీయించి తెచ్చుకోండి, పొయ్యి మీద ఐదు నిమిషాలు అటూ ఇటూ అయినా మెత్తగానే ఉంటుంది. ఇంటికొచ్చాక కత్తి పోగులకు అడ్డంగా పెట్టి కోయండి. పోగుల వెంబడి కోస్తే పొడవాటి దారాలన్నీ పిల్లల నోటికి వెళ్తాయి, అడ్డంగా కోస్తే వాటిని మీరే తెంపి ఇచ్చినట్టు. ముక్క మీ చిటికెన వేలి గోరంత ఉంటే చాలు. పెరుగు, అల్లం వెల్లుల్లి, ఉప్పు పట్టించి గంటసేపు పక్కన పెడితే ఇంకా మెత్తబడుతుంది.

పిల్లలకని వేరే వంట మొదలుపెట్టవద్దు. రోజూ రెండు వంటలు చేసే ఓపిక ఎవరికుంది? పైగా తమకు వేరే గిన్నె ఉందని తెలిశాక పెద్దల కూర వైపు పిల్లలు చూడరు. మటన్‌ను ఎలాగూ ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి వేసి ముందు కుక్కర్లో ఉడికిస్తాం. కారం పడేది ఆ తర్వాతే. కారం వేసే ముందే పిల్లల వాటా తీసేయండి. ముక్క వేళ్ల మధ్య చిదిమితే విడిపోవాలి. విడిపోకపోతే ఆ నాలుగు ముక్కలే చిన్న కుక్కర్లో మరో రెండు కూతలు రానివ్వండి. తర్వాత చిదిపి, నేతిలో దోరగా వేయించి, మిరియాల పొడి, కొత్తిమీర చల్లితే కూర అదే, కారం మాత్రం వాళ్ల వయసుకు తగ్గది.

ఇక కైమా. పిల్లల పళ్లకు దీన్ని మించిన మాంసం లేదనే నా అభిప్రాయం. కొవ్వు తక్కువున్న తొడ మాంసం చూపించి, రెండుసార్లు మిషన్‌లో వేయమనండి. అరకిలోకి సన్నగా తరిగి నీరు పిండేసిన ఉల్లిపాయ, పుదీనా, కొత్తిమీర, అల్లం వెల్లుల్లి ముద్ద, జీలకర్ర పొడి, ఉప్పు చాలు. ఉండ విడిపోకుండా మూడు నాలుగు చెంచాల పుట్నాల పొడి కలపండి. బ్రెడ్ పొడి కంటే ఇదే మన నోటికి నప్పుతుంది. మటన్ ముదురుగా ఉంటే హైదరాబాదీ కబాబుల వాళ్లలా కొంచెం పచ్చి బొప్పాయి ముద్ద కలపవచ్చు, ఎక్కువైతే మాత్రం కైమా జావైపోతుంది. మూకుడు నిండా నూనె కాచక్కర్లేదు. గుంత పొంగణాల పెనంలో చుక్క చుక్క నూనె వేసి, మూత పెట్టి, తిప్పుతూ కాల్చుకోండి.

ఒక జాగ్రత్త. మాంసం పైన ఉండే క్రిములు కైమా కొట్టించినప్పుడు లోపలి దాకా కలిసిపోతాయి. అందుకే పైన ఎర్రగా కాలితే సరిపోదు, మధ్యలో కూడా పూర్తిగా ఉడకాలి. ఉప్పు చూడాలంటే పచ్చి కైమా నాలుక మీద పెట్టుకోకండి, చిటికెడు పెనం మీద కాల్చి చూడండి. ఈ బెంగ పెట్టుకోలేని కొత్తవాళ్లకు హైదరాబాదీ షికంపూర్ పద్ధతి హాయి. కైమాను శనగపప్పుతో కలిపి ముందే ఉడికించి, మెత్తగా రుబ్బి, మధ్యలో గట్టి పెరుగు, ఉల్లి, పుదీనా పెట్టి బిళ్లల్లా చేసి కాలుస్తారు. లోపల పచ్చిగా మిగిలే ప్రశ్నే ఉండదు. పిల్లలకు చేసేటప్పుడు లోపలి పచ్చిమిర్చి మానేయండి.

నాలుగేళ్ల లోపు వాళ్లకు గుండ్రటి ఉండలు అలాగే ఇవ్వకండి. గట్టిగా గుండ్రంగా ఉన్నదేదైనా గొంతుకు అడ్డం పడవచ్చు. వడలా ఒత్తి, విరిచి పెట్టండి. పొంగణాల పెనంలో కాల్చినవైతే సగానికి సగం కోసి నలపండి. పరిగెత్తుతూనో, పడుకునో, ఫోన్ చూసి నవ్వుతూనో తిననివ్వకండి. టూత్‌పిక్‌లు గుచ్చి అందంగా అలంకరించడం పెద్దల విందులకు వదిలేయండి. చేప పెట్టాలనుకుంటే ముళ్లు తక్కువుండే కొరమీను మంచిది. అయినా ముద్దలో కలిపే ముందు వేళ్లతో ఒకసారి తడిమి చూడండి.

కార్జం గురించి ఒక మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోని ఇనుము కన్నా బాగా ఒంటబడుతుంది. కార్జంలో అది మరీ ఎక్కువ, పైగా నమలడం తేలిక. అన్నం, పప్పు మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే వాటిలోని ఇనుము కూడా మెరుగ్గా అందుతుంది. కార్జంలో విటమిన్ ఎ కూడా దండిగా ఉంటుంది కనుక వారానికి ఒకసారి, కొద్దిగానే పెట్టండి. ఎక్కువసేపు వేయిస్తే రబ్బరులా సాగుతుంది.

మరి ఎంత తినాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 16 గ్రాముల ప్రొటీన్ చాలు. 50 గ్రాముల మాంసంలోనే దాదాపు 10 గ్రాములు వస్తుంది, మిగతాది అన్నం, పప్పు, పాలు చూసుకుంటాయి. అంటే మూడు చిన్న కైమా వడలు తిని "చాలు" అన్న పిల్ల నిజంగా సరిపడా తిన్నట్టే. నాలుగోది పట్టుకుని ఇల్లంతా వెంటపడకండి. మిగిలినవి చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలు వచ్చేలా వేడిచేసి చిదిపి, నిమ్మరసం పిండి చపాతీలో చుట్టి ఇవ్వండి.