అమెరికా యాత్రలో గంజాయి లాంజ్: వెళ్లేముందు తెలుసుకోవలసినవి



మన ఔట్ పేషెంటు విభాగానికి ప్రతి నెలా వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు ఈమధ్య కుర్చీ దగ్గరకు జరుపుకొని నెమ్మదిగా అడిగారు. “సిస్టర్ గారూ, మా అబ్బాయి మమ్మల్ని అమెరికా రమ్మన్నాడు. లాస్ వేగాస్ కూడా చూపిస్తాడట. అక్కడ గంజాయి పీల్చుకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చిన గదులున్నాయట, నిజమేనా? మోకాళ్ల నొప్పులకు మంచిదని మా బావమరిది చెబుతున్నాడు.” పక్కనున్న ఆయన భార్య, “ఈ వయసులో ఈయనకు ఆ సరదా ఏమిటమ్మా!” అని నవ్వేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మాస్టారికి గుండె లయ తప్పే జబ్బు ఉంది. రక్తం గడ్డ కట్టకుండా రోజూ వార్ఫరిన్ మాత్ర వేసుకుంటారు.

ఆయన విన్నది నిజమే. నెవాడా రాష్ట్రంలో 2016లో ప్రజలు ఓటు వేసి గంజాయిని అనుమతించారు. 2017 జూలై 1 నుంచి దుకాణాల్లో అమ్మకం మొదలైంది. అయితే ఒక చిక్కు వచ్చింది. కొనవచ్చు గాని వీధిలో పీల్చకూడదు, పీలిస్తే 600 డాలర్ల వరకు జరిమానా. హోటళ్లు, కాసినోలు తమ గదుల్లో ఒప్పుకోవు. అద్దె కారులో కూడా కుదరదు. యాత్రకు వచ్చినవాడు కొన్న సరుకుతో ఎక్కడికి పోవాలి? అందుకే 2021లో లాంజ్‌లకు అనుమతినిస్తూ చట్టం చేశారు. రాష్ట్ర లైసెన్సుతో మొదటి లాంజ్ 2024 ఫిబ్రవరిలో లాస్ వేగాస్‌లో తెరిచారు. 21 ఏళ్లు నిండినవారికే ప్రవేశం. మద్యం అమ్మరు. కాలిఫోర్నియాలో కూడా ఇలాంటి లాంజ్‌లున్నాయి. 2025 జనవరి నుంచి అక్కడ భోజనం, మద్యం కాని పానీయాలు కూడా అమ్మవచ్చునని చట్టం వచ్చింది. చూడడానికి మంచి కాఫీ హోటలులాగే ఉంటాయి కాబట్టి మనవారు భయపడరు. నా భయం అదే.

ఇక శరీరంలో జరిగేది చూద్దాం. గంజాయిలో మత్తు కలిగించే పదార్థం పేరు టి.హెచ్.సి. పొగగా పీలిస్తే కొద్ది నిమిషాల్లోనే తలకెక్కుతుంది, రెండు మూడు గంటలు ఉంటుంది. బిస్కెట్టుగానో, చాక్లెట్టుగానో, గమ్మీ అనే జిగురు మిఠాయిగానో తింటే వేరు. అది కడుపులోంచి కాలేయానికి వెళ్లి, అక్కడ మారి రక్తంలోకి వస్తుంది. అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఎక్కిన తరువాత ఆరు గంటలైనా, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువసేపైనా దిగదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో హోలీ పండుగకు భంగు తాగి క్యాజువాలిటీకి వచ్చినవారిని చూశాను. అందరిదీ ఒకటే కథ. “మొదటి గ్లాసుకు ఏమీ కాలేదు సిస్టర్, అందుకే ఇంకొకటి తాగాను.”

ఆ “ఏమీ కాలేదు” అన్న మాటకు ఒక ప్రాణం పోయింది. 2014 మార్చిలో, కొలరాడోలో అమ్మకం మొదలైన మూడో నెలలో, 19 ఏళ్ల కుర్రవాడొకడు ఆ రాష్ట్రంలో గంజాయి బిస్కెట్టు తిన్నాడు. అందులో మొత్తం 65 మిల్లీగ్రాముల టి.హెచ్.సి. ఉంది. ఒకసారికి 10 మిల్లీగ్రాములు చాలు గనుక, దుకాణంలోవారు ఒక చిన్న ముక్కే తినమన్నారు. అతడు అలాగే తిన్నాడు. అరగంట, గంట గడిచినా ఏమీ తెలియలేదు. మిగిలిందంతా తినేశాడు. తరువాత పిచ్చి మాటలు, కోపం. మొదటి ముక్క తిన్న మూడున్నర గంటలకు నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి దూకి చనిపోయాడు. ఈ సంగతిని అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ 2015లో తన నివేదికలో వివరంగా ప్రచురించింది. ఆ రాష్ట్రం కూడా 2015లో నియమం మార్చి, 10 మిల్లీగ్రాముల ముక్కలు విడివిడిగా తెలిసేటట్టు తయారుచేయాలన్నది. గంజాయి విషం నల్లమందులాగా ఊపిరి ఆపి చంపడం పెద్దవారిలో బహు అరుదు. కాని మతి తప్పిన మనిషి మెట్ల మీద, రోడ్డు మీద, బాల్కనీలో ఏమవుతాడో చెప్పలేం.

మన పెద్దవారి విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. పీల్చిన కొద్దిసేపట్లోనే గుండె నిమిషానికి 20 నుంచి 50 సార్లు ఎక్కువగా కొట్టుకోవచ్చు. కూర్చున్నవారు లేచి నిలబడగానే బి.పి. పడిపోయి కళ్లు తిరుగుతాయి. తుంటి ఎముక విరిగినవారికి సేవ చేసినవారెవరైనా ఆ ఒక్క పాటు ఖరీదు ఎంతో చెబుతారు. వార్ఫరిన్ వేసుకునేవారికి గంజాయి ఆ మందు బలాన్ని పెంచి రక్తస్రావం తెచ్చిపెట్టవచ్చు. నిద్ర మాత్రలు, మూర్ఛ మందులు, మద్యం తోడైతే మత్తు రెట్టింపు. ఆస్తమా ఉన్నవారికి పొగ పొగే, అది గంజాయిదైనా పొగాకుదైనా. గర్భిణీ స్త్రీలు, ఇంట్లో మతిస్థిమితం లేని జబ్బున్న కుటుంబాల పిల్లలు అసలు దగ్గరకు పోకూడదు. “నేను పీల్చను, ఊరికే చూసి వస్తాను” అనేవారున్నారు. గాలి సరిగా ఆడని గదిలో పక్కవారి పొగకు కూడా తల దిమ్మెక్కవచ్చు, మూత్ర పరీక్షలో కనబడవచ్చు. మోకాళ్ల నొప్పికి ఇది వైద్యమని నమ్మేంత ఆధారం లేదు. లాంజ్‌లో వడ్డించేవారు డాక్టర్లు కారు.

చట్టం సంగతి కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రాష్ట్రం అనుమతించినా సరదాగా వాడే గంజాయి అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేటికీ నేరమే. వీసాలు, గ్రీన్ కార్డులు, పౌరసత్వం చూసేది కేంద్రమే. శిక్ష పడకపోయినా, “నేను వాడాను” అని అధికారి ముందు ఒప్పుకున్నందుకే దేశంలోకి రానివ్వకపోవచ్చు. పౌరసత్వపు దరఖాస్తుకు కూడా ఇది అడ్డమవుతుందని వలసల శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. పదేళ్లుగా గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసే కొడుకు ఒక సాయంత్రపు సరదాకు దాన్ని పణంగా పెట్టడం ఏం తెలివి? మిగిలిన మిఠాయి పెట్టెలో పెట్టుకొని విమానమెక్కడం అంతకంటె ప్రమాదం. లాస్ వేగాస్ విమానాశ్రయంలో ఇలాంటివి పారవేయడానికి ఆకుపచ్చ పెట్టెలు పెట్టారు. దుబాయి మీదుగా వచ్చేవారు అక్కడి చట్టం ఎంత కఠినమో గుర్తుంచుకోవాలి. ఇక మన దేశంలో 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ఉండనే ఉంది.

మనుమల సంగతి మరువవద్దు. ఆ గమ్మీలు అచ్చం పిల్లల మిఠాయిలే. ఆరేళ్లలోపు పిల్లలు ఇలాంటివి తిన్నారని అమెరికా విష సమాచార కేంద్రాలకు 2017లో 207 కేసులు వస్తే 2021లో 3,054 వచ్చాయి. చిన్నపిల్లల్లో స్పృహ తప్పడం, ఊపిరి మందగించడం జరుగుతుంది. కొడుకు ఇంట్లో ఫ్రిజ్‌లో రంగుల మిఠాయి కనబడితే, మనుమడి చేతిలో పెట్టే ముందు డబ్బా మీద అక్షరాలు చదివించుకోండి.

ఎవరికైనా తెలియక ఎక్కువైతే విరుగుడు మందు లేదు. వెలుతురు తక్కువగా ఉన్న గదిలో కూర్చోబెట్టి, పక్కన ఒకరుండి, ధైర్యం చెబుతూ కొద్దికొద్దిగా నీళ్లివ్వండి. ఒంటరిగా వదలవద్దు, కారు తాళాలు తీసుకోండి. ఛాతీ నొప్పి, ఆగని వాంతులు, స్పృహ తప్పడం ఉంటే, లేదా తిన్నది చిన్నపిల్ల అయితే, వెంటనే 911కు ఫోన్ చేయండి. సలహాకు అక్కడి విష సమాచార కేంద్రం నంబరు 1-800-222-1222. డాక్టరుతో నిజం చెప్పండి. సిగ్గుపడి దాచితే పక్షవాతమేమోనని పరీక్షల మీద పరీక్షలు చేస్తూ కాలం గడిచిపోతుంది.

మాస్టారికి మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఆఖరి ఐ.ఎన్.ఆర్. రిపోర్టు జతచేసి, మందులను చేతి సంచిలో పెట్టుకోమని చెప్పాం. మోకాళ్లకు ఫిజియోథెరపీ గదిలో నేర్పిన వ్యాయామం విమానంలో కూర్చొని కూడా చేయవచ్చు. లాస్ వేగాస్‌లో రాత్రిపూట సంగీతానికి ఎగిరే నీటి ఫౌంటెన్లు చూడడానికి టిక్కెట్టు అక్కరలేదట, వాటినే చూసి వస్తామని ఆయన భార్య చెప్పారు.