ఏఎంఈ విద్యార్థీ, స్టార్టింగ్ పాఠాన్ని చివరికి నెట్టకండి

ఇంటర్ ఎంపీసీ తర్వాత ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్‌కి వచ్చి, డీజీసీఏ ఇచ్చే సీఏఆర్-66 లైసెన్సులో బీ1.1 విభాగం ఎంచుకున్నవాళ్లకు 15వ మాడ్యూల్ గ్యాస్ టర్బైన్ ఇంజిన్. కంప్రెసర్, టర్బైన్ అధ్యాయాలతో వారాల తరబడి కుస్తీ పట్టేవాళ్లు కూడా స్టార్టింగ్, ఇగ్నిషన్ దగ్గరికొచ్చేసరికి నాలుగు బిట్లు బట్టీపట్టి దాటేస్తుంటారు. పేజీలు తక్కువ, ప్రశ్నలూ తక్కువే. 75 శాతం తెచ్చుకోవడమే లక్ష్యమైతే ఆ లెక్కలో తప్పులేదు. ఉద్యోగం లక్ష్యమైతే మాత్రం అది నష్టపు బేరం. మిగతా అధ్యాయాల్లో విడివిడిగా చదివిన గాలి, ఇంధనం, మంట, వేగం, ఉష్ణోగ్రత అన్నీ ఒక నిమిషంలోపు ఒకదానిమీద ఒకటి ఆధారపడి నడిచేది స్టార్ట్ సమయంలోనే. అందుకే ఇంజిన్ మీకు నిజంగా అర్థమైందో లేదో ఈ చిన్న పాఠమే తేల్చేస్తుంది.

ఏ320కి అమర్చే సీఎఫ్ఎం56-5బీ ఇంజిన్‌నే తీసుకోండి. తోక భాగంలోని చిన్న సహాయక ఇంజిన్, అంటే ఏపీయూ నుంచి ఒత్తిడితో వచ్చే గాలి స్టార్ట్ వాల్వ్ దాటి ఎయిర్ టర్బైన్ స్టార్టర్‌ని తిప్పుతుంది. స్టార్టర్ యాక్సెసరీ గేర్‌బాక్స్ ద్వారా హై ప్రెషర్ రోటర్‌ని, అంటే ఎన్2ని తిప్పుతుంది. ఎన్2 సుమారు 16 శాతానికి చేరగానే ఇగ్నిషన్ మొదలవుతుంది, 22 శాతం దగ్గర ఇంధనం వస్తుంది, 50 శాతం దగ్గర స్టార్ట్ వాల్వ్ మూసుకుని ఇగ్నిషన్ ఆగిపోతుంది. ఈ మూడు అంకెలూ గుర్తుంటే బిట్టు రైటవుతుంది. అవి ఆ వరుసలోనే ఎందుకున్నాయో తెలిస్తే చేతికి పని వస్తుంది. ఇంధనం కంటే ముందు స్పార్క్ ఎందుకు? మండని ఇంధనం లోపల చేరి, ఆలస్యంగా ఒక్కసారి అంటుకుంటే ఉష్ణోగ్రత అదుపు తప్పుతుంది కాబట్టి. 22 దాకా ఆగడమెందుకు? అంతకు ముందు కంప్రెసర్ ఇచ్చే గాలి మంటకూ చాలదు, టర్బైన్ బ్లేడ్లను చల్లబరచడానికీ చాలదు. మంట అంటుకున్నాక కూడా 50 వరకు స్టార్టర్ తోడుండాలి. టర్బైన్ తన కంప్రెసర్‌ని తానే లాగి వేగం పెంచుకునే స్థితి అప్పటికి గానీ రాదు.

ఈ కారణాలు తెలిసినవాడికి లోపాలను వేరే పాఠంగా చదవాల్సిన పనిలేదు. ఇంధనం వచ్చినా ఈజీటీ, అంటే ఎగ్జాస్ట్ వాయువుల ఉష్ణోగ్రత పెరగకపోతే వెట్ స్టార్ట్: ఇగ్నైటరో, ఎక్సైటరో అనుమానించాలి, లోపలి ఇంధనం పోయేలా డ్రై క్రాంక్ చేయాలి, అంటే ఇంధనం, ఇగ్నిషన్ లేకుండా స్టార్టర్‌తో తిప్పాలి. ఈజీటీ పరిమితి దాటి ఎగబాకితే హాట్ స్టార్ట్. మంట ఉండి కూడా ఎన్2 ఐడిల్‌కి చేరక మధ్యలో చతికిలబడితే హంగ్ స్టార్ట్: ముందుగా ఏపీయూ గాలి ఒత్తిడి సరిపోతోందో లేదో చూడాలి.

ఇదంతా ఇంజిన్‌ని నియంత్రించే కంప్యూటర్ ఫాడెక్ చూసుకుంటుంది కదా, లోపం కనిపిస్తే ఇంధనం ఆపేసి క్రాంక్ కూడా అదే చేస్తుంది కదా అంటారు కొందరు. నిజమే, చేస్తుంది. కానీ ఎందుకు ఆపిందో తేల్చి, భాగం మార్చి, విమానాన్ని సర్వీసుకి విడుదల చేస్తూ సంతకం పెట్టేది మీరు. పైగా కంప్యూటర్ ఆజ్ఞ ఇచ్చినా స్టార్ట్ వాల్వ్ కదలని రోజులుంటాయి. అప్పుడు టెక్నీషియన్ ఇంజిన్ పక్కన నిలబడి, కౌలింగ్‌లోని చిన్న రంధ్రంలో పనిముట్టు పెట్టి, హెడ్‌సెట్‌లో కాక్‌పిట్ నుంచి మాట వినగానే వాల్వ్‌ని చేత్తో తెరవాలి, మళ్లీ మాట రాగానే మూయాలి. ఎన్2 ఎంతకొచ్చాక ఆ రెండో మాట వస్తుందో తెలియనివాడు అక్కడ నిలబడకపోవడమే మేలు.

ఇగ్నిషన్ విషయంలో విద్యార్థులు ఎక్కువగా పొరపడేది బైకు స్పార్క్ ప్లగ్‌తో పోల్చుకుని. బైకులో ప్రతి దహనానికీ ఒక స్పార్క్ కావాలి. ఇక్కడ మంట ఒకసారి అంటుకుంటే దానంతటదే నిలుస్తుంది కాబట్టి ఇగ్నైటర్‌కి విశ్రాంతి. భారీ వర్షంలోనో, గాలిలో ఆగిన ఇంజిన్‌ని మళ్లీ వెలిగించాల్సి వచ్చినప్పుడో దాని అవసరం పడుతుంది. 1982లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఇండోనేషియా మీదుగా వెళ్తూ అగ్నిపర్వత బూడిదలో చిక్కుకుని నాలుగు ఇంజిన్లూ ఆగిపోతే, బూడిద మేఘం కిందికి దిగాక తిరిగి వెలిగినందుకే జకార్తాలో దిగగలిగింది. నేలమీద మీకు ముఖ్యమైనది మరొకటి. ఎక్సైటర్‌లోని కెపాసిటర్ దాచుకునే శక్తి మనిషి ప్రాణం తీయగలదు. సర్క్యూట్ బ్రేకర్ లాగి, మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాకే లీడ్ మీద చెయ్యి వేయాలి.

బోయింగ్ 787లో స్టార్టర్-జనరేటర్లే కరెంటుతో ఇంజిన్‌ని తిప్పుతున్నప్పుడు ఈ గాలి గోలంతా పాతబడదా అన్న సందేహానికి కొంత బలముంది. అయితే మన విమానాశ్రయాల్లో ఎక్కువగా కనిపించే ఏ320 నియో, 737 మ్యాక్స్ ఇంకా గాలితోనే స్టార్టవుతాయి. కొత్త ఇంజిన్లు ఈ పాఠాన్ని తగ్గించకపోగా పెంచాయి కూడా. 2016లో నియోతో పాటు వచ్చిన ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ1100జీలో రోటర్ బో సమస్య బయటపడింది. ఆపిన ఇంజిన్‌లో వేడి పైకి చేరి, రోటర్ పైభాగం కిందిభాగం కంటే వేడిగా ఉండి, షాఫ్ట్ కొద్దిగా వంగుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే బ్లేడ్ల కొసలు కేసింగ్‌కి రాసుకుంటాయి. అందుకని ఇంధనం ఇవ్వకముందే రోటర్‌ని కాసేపు తిప్పి వేడిని సమం చేయాల్సి వచ్చింది, స్టార్ట్ సమయం పెరిగింది. తిప్పే శక్తి గాలిదైనా కరెంటుదైనా వేగం, ఇంధనం, ఉష్ణోగ్రతల లెక్క మారదు. నియో, మ్యాక్స్‌లకు వాడే లీప్ ఇంజిన్ల మరమ్మతు కోసం శంషాబాద్ విమానాశ్రయం దగ్గర సఫ్రాన్ పెట్టిన కేంద్రం 2025 నవంబరులో ప్రారంభమైంది కాబట్టి, ఈ లెక్క అడిగే ఇంటర్వ్యూలు తెలుగు విద్యార్థులకు ఇప్పుడు మరీ దూరం కాదు.

చదివే తీరు కూడా మార్చుకోండి. ఒక కాగితం మీద సమయాన్ని అడ్డంగా, ఎన్2, ఈజీటీ, ఇంధన ప్రవాహాలను నిలువుగా పెట్టి మూడు గీతలు గీయండి. ఏ గీత ఎక్కడ తప్పితే ఏ భాగం చూడాలో పక్కనే రాయండి. అంతా అయ్యాక ఒక ప్రశ్న వేసుకోండి: 50 శాతం దాటినా స్టార్ట్ వాల్వ్ మూసుకోలేదు, ముందు ఏం చేస్తారు? మాస్టర్ స్విచ్ ఒక్కటే ఆపి ఊరుకుంటానంటే సగం జవాబే. వాల్వ్ దాకా వచ్చే ఏపీయూ గాలిని కూడా ఆపాలి.