బెజ్జం చిన్నది – బాధ్యత పెద్దది

వార్షికోత్సవ సంచికకు పాఠంలాంటిది ఏదైనా రాయమన్నారు. ఎం.టెక్. మెకానికల్‌లో మేము నేర్చుకున్న వాటిలో మీ అందరికీ పనికొచ్చే చిన్న విషయం ఒకటుంది. అదే బెజ్జం వేయడం. అదీ విమానం రెక్కకు.

ముందు మీ రేకు పెట్టె చూడండి. గొళ్లెం దగ్గర రివిట్లుంటాయి. కొన్నాళ్లకు గొళ్లెం లొడలొడలాడుతుంది. చాలాసార్లు రివిట్టు విరగదు, అది కూర్చున్న బెజ్జమే పెద్దదైపోతుంది. పెట్టె అయితే తాడు కట్టుకుంటాం. విమానానికి ఆ వీలు లేదు.

ఇంటి దగ్గర విమానమా?

అవును. అమెరికా వంటి దేశాల్లో కిట్ కొనుక్కొని సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు వేలమంది ఉన్నారు. మన దేశంలో అమోల్ యాదవ్ అనే పైలట్ ముంబైలో ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. ఇద్దరు కూర్చునే చిన్న అల్యూమినియం విమానానికే పది వేలకు పైగా రివిట్లు పట్టవచ్చు. ప్రతి రివిట్టుకూ ఒక బెజ్జం కావాలి.

టెక్కలి రాయి, ఉద్దానం పడవ

మా నాన్న టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీలో జాక్ హామర్ పట్టేవారు. బండ మీద వరసగా బెజ్జాలు వేసి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొడితే అంత పెద్ద నీలి రాయీ ఆ వరస వెంబడే చీలుతుంది. ఇక మన ఉద్దానం తీరంలో పాతకాలం పడవలు గుర్తు చేసుకోండి. మేకుల్లేకుండా పలకలకు బెజ్జాలు వేసి కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఎదురెదురు బెజ్జాలు సరిగ్గా కలిస్తేనే కుట్టు బిగుస్తుంది.

బెజ్జం ఒకచోట చీల్చింది, ఒకచోట కలిపింది. విమానంలో మనకు కావలసింది కలిపే బెజ్జం. కానీ చీల్చే గుణం దానిలో ఎప్పుడూ దాగి ఉంటుంది. వెడల్పాటి రేకును లాగినప్పుడు గుండ్రటి బెజ్జం అంచున ఒత్తిడి మిగతా రేకు కన్నా మూడు రెట్లు ఉంటుందని జర్మనీ ఇంజనీరు కిర్ష్ 1898లోనే లెక్క కట్టాడు. అంచున గీత గానీ పగులు గానీ ఉంటే ఇంకా పెరుగుతుంది.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం 24,000 అడుగుల ఎత్తున ఎగురుతుండగా పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక విమాన పరిచారిక చనిపోయారు. పైలట్లు విమానాన్ని దించగలగడంతో మిగతా 94 మంది బతికారు. అక్కడ తప్పు డ్రిల్లింగ్‌ది కాదు. రేకుల మధ్య అంటు ఊడి, తుప్పు పట్టి, భారమంతా రివిట్ల మీద పడింది. ఒక్కో బెజ్జం దగ్గర పుట్టిన సన్నని పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. అచ్చం మా నాన్న బండ చీలినట్టే!

పద్ధతి

1. గుర్తు: అల్యూమినియం మీద పెన్సిల్‌తో గీయకూడదు, దానిలోని గ్రాఫైట్ తుప్పుకు దారి తీస్తుంది. సూదితో గీస్తే పగులుకు మొదలు. మార్కర్ పెన్ను వాడాలి.

2. అంచు దూరం: బెజ్జం మధ్య నుంచి రేకు అంచుకు కనీసం రివిట్టు మందానికి రెండు రెట్లు ఉండాలి. 3.2 మి.మీ. రివిట్టుకు 6.4 మి.మీ.

3. ముందు చిన్న బెజ్జం: చిన్న బిట్‌తో మొదలుపెట్టి తర్వాత అసలు సైజుకు వెళ్లాలి. 3.2 మి.మీ. రివిట్టుకు 30వ నంబరు బిట్, అంటే సుమారు 3.26 మి.మీ. తేడా చూడండి, సుమారు వెంట్రుక మందమే! గట్టిగా బిగవాల్సిన బోల్టులకైతే కాస్త చిన్నగా తొలిచి రీమర్‌తో సైజుకు తేవాలి.

4. జోడించి తొలవడం: రెండు రేకులనూ క్లీకో అనే స్ప్రింగు పిన్నులతో బిగించి, కలిపే తొలవాలి. అప్పుడే బెజ్జాలు ఎదురెదురుగా వస్తాయి.

5. నిటారు: డ్రిల్ ఏ పక్కకు వాలినా బెజ్జం కోలగా వస్తుంది. గైడు వాడాలి, బిట్ పదునుగా ఉండాలి, వెనుక చెక్క పెట్టాలి, బలంగా నొక్కకూడదు.

6. అంచు శుభ్రం: రేకులు విడదీసి, బెజ్జం అంచున లేచిన గరుకు తీసేయాలి. ఎక్కువ గీకితే అంచు కత్తిలా పలచబడుతుంది. అదీ తప్పే.

మేము చేసిన తప్పు

పీజీ మొదటి ఏడాది ప్రయోగశాలలో రెక్క నమూనా ఒకటి చేశాం. చివరి వరసలో తొందరపడితే బెజ్జం కోలగా వచ్చింది. రివిట్టు తల వేస్తే ఎవరికీ కనబడదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. తప్పు ఒప్పుకుంటే ‘వీళ్లింతే’ అంటారేమోనని భయం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి వెళ్లి చెప్పేశాం. 4 మి.మీ. రివిట్టు వేద్దామంటే అంచు దూరం 8 మి.మీ. కావాలి, మాకున్నది 7. ఆ రేకు పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి చేశాం. రెండు రోజులు పట్టింది. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. ఫోన్‌లో నాన్నకు చెబితే, “రాయికైనా గీత తప్పితే దాచలేం బాబూ” అన్నారు.

మీరే చేసి చూడండి

పరీక్షల్లో అడిషనల్ షీట్లకు దారం కడతారు కదా! రెండు సమానమైన కాగితపు ముక్కలు తీసుకొని, కంపాస్ ముల్లుతో ఒకదానికి అంచు నుంచి సెంటీమీటరు లోపల, రెండోదానికి 2 మి.మీ. లోపల బెజ్జం వేయండి. దారం కట్టి స్టీలు గ్లాసు వేలాడదీసి, చెంచాలు లెక్కపెడుతూ నీళ్లు పోయండి. ఏది ముందు చిరుగుతుంది, ఎన్ని చెంచాలకు? నోట్సులో రాయండి.

హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో 2018లో ప్రారంభమైన టాటా–బోయింగ్ కర్మాగారం అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లేజ్‌లు తయారుచేస్తోంది. ఇలాంటి పనులకు ఐటీఐ, డిప్లొమా చదివిన చేతులూ కావాలి. మన చేతులు అందుకు తక్కువేమీ కాదు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి తమ్ముళ్లూ! రివిట్టు తల కింద ఏముందో తొలిచినవాడికే తెలుసు. ఆ విమానంలో ఎక్కేవాడు మాత్రం మన చేతిని నమ్మి ఎక్కుతాడు.