ఓడినవాణ్ణి అడగండి: పులిజూదం నుంచి వార్‌క్రాఫ్ట్ దాకా

మార్కాపురం పలక మీద బలపంతో పులిజూదం గీసుకుని పెరిగిన తరం మాది. గిద్దలూరు, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజులవి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఇప్పుడు మా మనవళ్ళూ, నా దగ్గర చదువుకున్న పిల్లలూ కంప్యూటర్‌లో రాక్షసులతో, మంత్రగాళ్ళతో యుద్ధాలాడుతున్నారు. వాళ్ళలో కొందరికి అలాంటి ఆటలు తయారుచేయడమే ఉద్యోగం. పండక్కి ఊరొచ్చినప్పుడల్లా నా పక్కన కూర్చుని అడిగేది ఒకటే: "సార్, రెండు పక్షాలూ సరిసమానంగా తూగాలంటే ఏం చెయ్యాలి? ఆట ఎంత కష్టంగా ఉండాలి?" విడివిడిగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

1. రెండు పక్షాలూ ఒకేలా ఉండనక్కర్లేదు.

పులిజూదంలో 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే చోట్లు 23. పులి మేకను చంపుతుంది. మేక దేన్నీ చంపలేదు. చూడగానే ఇది అన్యాయమే అనిపిస్తుంది. కానీ పులి దూకాలంటే మేక పక్కనే ఉండాలి, ఆ మేక వెనక అదే గీత మీద చోటు ఖాళీగా ఉండాలి, ఒక ఎత్తులో ఒక్క మేకనే కొట్టాలి. మేకల ప్రాణమంతా ఈ మూడు షరతుల్లో ఉంది. ఒక మేక వెనక ఇంకో మేకను నిలబెడితే పులి ఏమీ చెయ్యలేదు. మేకలు గెలవడానికి చంపక్కర్లేదు. మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే చాలు. ఎవరి గెలుపు దారి వాళ్ళది.

నల్లమల అంచున మేకలు మేపినవాళ్ళకు పులి కథల్లో జంతువు కాదు. దోర్నాల, యర్రగొండపాలెం వైపు అడవిలో ఇప్పటికీ పులులున్నాయి. ఆ కాపరులు బండ మీద కూర్చుని ఈ ఆట ఆడేవాళ్ళంటే, మందగా నిలిచి పులిని ఆపొచ్చన్న ఊహ వాళ్ళకెంత ఇష్టంగా ఉండేదో నాకర్థమవుతుంది.

నేపాల్‌లో దీనికి దగ్గరి చుట్టం ఉంది, బాగ్‌చాల్. 4 పులులు, 20 మేకలు, 25 చోట్లు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్‌తో లెక్క కట్టి, రెండు వైపులా తప్పు లేకుండా ఆడితే ఆ ఆట ఎవరూ గెలవకుండా ముగుస్తుందని 2009లో ప్రచురించారు. ఏ పోలికా లేని రెండు పక్షాలు అంత నిక్కచ్చిగా తూగాయి! ఆ సంగతి తెలిసిన రోజు నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3లో మనుషులు, ఓర్క్‌లు, అన్‌డెడ్‌లు, నైట్ ఎల్ఫ్‌లు అని నాలుగు జాతులున్నాయి. ఒకదాని దెబ్బ ఎక్కువనీ తగ్గించమనీ పిల్లలు వాదించుకుంటారు. నేను ముందు వేరే ప్రశ్న వేస్తాను: దెబ్బ తక్కువున్న జాతికి తనదైన గెలుపు దారి ఉందా?

2. ఎవరు ఆడుతున్నారో చూసి తీర్పు చెప్పండి.

కొత్తవాళ్ళు ఇద్దరు కూర్చుంటే పులిజూదంలో పులులే గెలుస్తాయి. మేకలు పెట్టడం అయ్యేలోపే సగం మంద పోతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు కూర్చుంటే మేకలు పులులకు ఊపిరాడనివ్వవు. పలక అదే, నియమాలూ అవే. మరి ఆట ఎవరి వైపు మొగ్గినట్టు?

కంప్యూటర్ ఆటల్లోనూ ఈ చిక్కే ఉంది. కొత్తవాణ్ణి ఐదు నిమిషాల్లో ముగించే ముందస్తు దాడి, ఆరితేరినవాడికి చిన్న చిరాకు మాత్రమే. కొత్తవాళ్ళ ఫిర్యాదు విని ఆ దాడిని పీకేస్తే, పైస్థాయిలో ఆడేవాళ్ళ చేతిలోంచి ఒక ఆయుధం పోతుంది. మా పెద్దలు పులిని తగ్గించలేదు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి ముందు పులులిచ్చారు, ఆట కాస్త పట్టుబడ్డాక మేకలిచ్చారు. పందెం గట్టిదైతే వైపులు మార్చుకుని రెండాటలు ఆడేవాళ్ళు. చదరంగం పోటీల్లో తెల్ల పావులు, నల్ల పావులు మార్చి మార్చి ఇచ్చేదీ ఇందుకే. ఇంతకన్నా చౌకైన, నమ్మకమైన తూకం నేను చూడలేదు.

3. కష్టం ప్రత్యర్థి తెలివిలోంచి రావాలి.

నాకు బాగా పట్టింపు ఉన్న విషయం ఇదే. వార్‌క్రాఫ్ట్ 3లో కంప్యూటర్‌ను "ఇన్‌సేన్" స్థాయిలో పెడితే దాని కూలీలు తెచ్చే బంగారం రెట్టింపవుతుంది. అది మనకన్నా బాగా ఆడి గెలవదు, మనకన్నా ఎక్కువ ఖర్చుపెట్టి గెలుస్తుంది. దాని చేతిలో ఓడిన పిల్లవాడు నేర్చుకునేది దాదాపు ఏమీ లేదు. 2019లో కొత్తగా తీర్చిదిద్దిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో "ఎక్స్‌ట్రీమ్" స్థాయి అలా కాదు. మనకున్న వనరులే దానికీ ఉంటాయి, వాటిని వృథా చెయ్యకుండా వాడుతుంది. ఓడినవాడు అది పనివాళ్ళను ఏ వరసలో పెట్టిందో చూసి మర్నాడు తానూ అలా ఆడి చూడొచ్చు.

అదనపు బలం ఇవ్వక తప్పకపోతే చెప్పి ఇవ్వండి. చిన్నపిల్లతో ఆడేటప్పుడు తాత "నీకు ఒక మేక ఎక్కువమ్మా" అని చూపించే ఇస్తాడు. దొంగచాటుగా పలక మీద పెట్టడు.

4. మహాశక్తికి ఒక లొసుగు ఉంచండి.

మాయలూ మంత్రాలూ ఉన్న ఆటల్లో ఒక భూతమో డ్రాగనో వచ్చి యుద్ధమంతా ఒంటిచేత్తో తేల్చేస్తుంది. మన పురాణాలు ఈ చిక్కును ఎప్పుడో విప్పాయి. ఇంద్రుడు కర్ణుడికిచ్చిన శక్తి ఆయుధం ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నదాన్ని రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి మీద వాడక తప్పలేదు. హిరణ్యకశిపుడి వరంలో పగలూ రాత్రీ, ఇంటా బయటా అన్నీ మూసుకున్నట్టే ఉన్నా సంధ్యవేళ, గడప మిగిలాయి. నల్లమల అవతల అహోబిలంలో కొలువున్న స్వామి కథ అదే కదా. 2002లోనే వచ్చిన ఏజ్ ఆఫ్ మైథాలజీ ఈ పని శుభ్రంగా చేసింది: పురాణ జీవులు మామూలు సైనికులను తొక్కేస్తాయి, హీరోలు ఆ జీవులను పడగొడతారు, ఆ హీరోలు మామూలు సైనికుల ముందు నిలవలేరు.

5. గెలుస్తున్నవాడి మీద కొంత బరువు పెట్టండి.

పులిజూదంలో నాలుగైదు మేకలు పోయాక ఖాళీలు పెరుగుతాయి, పులి ఇంకా తేలిగ్గా దూకుతుంది. కట్టడం ఇక కుదరదని తేలగానే మేకలవాడు ఆట ఎత్తేసేవాడు. అందులో అవమానమేమీ లేదు. వార్‌క్రాఫ్ట్ 3 తయారుచేసినవాళ్ళు ముందున్నవాడే ఇంకా ముందుకు పోయే ఈ చిక్కుకు మందు వెతికారు. 2003లో వచ్చిన దాని పొడిగింపు ఫ్రోజెన్ థ్రోన్‌లో సైన్యం తిండి లెక్క 50 దాటితే బంగారం ఆదాయంలో 30 శాతం, 80 దాటితే 60 శాతం కోత పడుతుంది. పెద్ద సైన్యాన్ని ఊరికే నిలబెట్టుకుంటే ఖజానా కరుగుతుంది కాబట్టి ముందున్నవాడు కదలాలి, తెగించాలి. వెనకబడ్డవాడికి ఆ సందులో ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది.

6. వేళ్ళ వేగం, బుర్ర వేగం వేరువేరు కష్టాలు.

కొరియాలో ఆరితేరిన స్టార్‌క్రాఫ్ట్ ఆటగాళ్ళు నిమిషానికి మూడు వందలకు పైగా ఆజ్ఞలిస్తారు. అది గొప్ప విద్యే. అయినా నాలాంటివాడికీ ఎత్తు ఆలోచించే ఆనందం దక్కాలి. ఒంటరిగా ఆడేవాడు ఆట వేగం తగ్గించుకునే వీలు తప్పకుండా ఉంచండి.

7. ఆట అయ్యాక ఓడినవాడి దగ్గర కూర్చోండి.

పులిజూదం అయిపోయాక గులకరాళ్ళూ చింతగింజలూ వెనక్కి పేర్చి "ఇక్కడ పెట్టకుండా ఉండాల్సింది" అని చూపించుకోవడం మాకు అలవాటు. వార్‌క్రాఫ్ట్ 3లో ఆడిన ఆటను మళ్ళీ నడిపించి చూసే సౌకర్యం ఉంది. అది పెట్టి ఓడినవాణ్ణి "ఎక్కడ పోయింది?" అని అడగండి. ఫలానా చోట అని వేలు పెట్టి చూపిస్తే ఆట బాగున్నట్టే, ఎంత కష్టంగా ఉన్నా సరే. చూపించలేకపోతే, మీరు ఆటలో జరిగేది సరిగ్గా కనబడనివ్వడం లేదేమో చూసుకోండి. తాను ఏం చేసినా గెలిచేవాణ్ణి కాదని అంటే, అతనికన్నా బాగా ఆడేవాణ్ణి అదే పక్షంలో కూర్చోబెట్టండి. అతనూ అదే మాటంటే అప్పుడు అంకెలు ముట్టుకోండి. అదీ ఒకసారికి ఒకే అంకె. మార్చాక ఆ ఇద్దరినే పక్షాలు మార్చి మళ్ళీ ఆడించండి.