మెదడు జబ్బుకు ముంజేతి పరీక్ష

బతికున్న మనిషి మెదడులోంచి కణాలు తీసి వాటి పొర ఎలా ఉందో చూడటం కుదిరే పని కాదు. అందుకే స్కిజోఫ్రీనియా పరిశోధకులు కొందరు ముంజేతి చర్మాన్ని పట్టుకున్నారు. ఈ జబ్బులో ప్రోస్టాగ్లాండిన్లు అనే హార్మోన్ లాంటి పదార్థాలు కొరవడతాయని 1977లో వాదించిన డేవిడ్ హోరోబిన్, తర్వాత అసలు తేడా ఒంట్లోని కణాల పొరల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వుల్లోనే ఉందన్నాడు. చర్మం మీద చేసే నయాసిన్ (విటమిన్ బి3) పరీక్షకు అదే పునాది.

ముందుగా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి వాడుతున్నారేమో అడగాలి. వాడితే ఫలితం నమ్మడానికి లేదు; ఎందుకో కిందే తెలుస్తుంది.

తర్వాత ద్రావణం. నయాసిన్ రూపమైన మిథైల్ నికోటినేట్ 1.37 గ్రాములు నీళ్లలో కరిగించి 100 మిల్లీలీటర్లకు తెస్తే 0.1 మోలార్ అవుతుంది. అందులోంచి ఒక వంతు తీసి తొమ్మిది వంతుల నీళ్లు కలపాలి. అలా మూడుసార్లు పలుచన చేస్తే నాలుగు గాఢతలు సిద్ధం. ఒక్కోదాంట్లో తడిపిన పట్టీని ముంజేయి లోపలివైపు అయిదు నిమిషాలు అంటించి తీసేస్తారు.

ఆ అయిదు నిమిషాల్లో చర్మంలో చాలా జరుగుతుంది. చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాల మీది గ్రాహకాన్ని మందు తాకుతుంది. ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైము పొరలోని ఫాస్ఫోలిపిడ్ నుంచి అరాకిడోనిక్ ఆమ్లాన్ని తెంపుతుంది. దాన్ని సైక్లోఆక్సిజనేజ్ ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తుంది (ఆస్పిరిన్ అడ్డుపడేది ఇక్కడే). వాటితో రక్తనాళాలు విచ్చుకుని చర్మం కందుతుంది.

ఇక మార్కులు: ఏమీ లేకపోతే 0, అక్కడక్కడా ఎర్రబడితే 1, పట్టీ మేర అంతా కందితే 2, వాచి పట్టీ దాటితే 3. చామనచాయ చర్మం మీద కంటిచూపుతో ఈ లెక్క సరిగా తేలదు. మన దగ్గర చేయాలంటే రక్తప్రవాహాన్ని కొలిచే లేజర్ డాప్లర్ లాంటి పరికరం ఉంటే మేలు.

స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందిలో ఈ ఎరుపు తక్కువగానో ఆలస్యంగానో వస్తుంది. అందరిలో కాదు, జబ్బు లేనివాళ్లలో కూడా కొందరికి అంతే. రోగుల ఎర్ర రక్తకణాల పొరల్లోనూ అరాకిడోనిక్ ఆమ్లం, డీహెచ్ఏ (చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం) తగ్గినట్టు పలు అధ్యయనాల్లో కనిపించింది. అయితే తిండి, పొగతాగడం కూడా ఆ లెక్కను మార్చేస్తాయి.

పొరలో కొవ్వు లోటైతే చేపనూనెతో పూడ్చవచ్చు కదా? వియన్నాలో సైకోసిస్ ముప్పు ఎక్కువున్న 81 మంది యువతపై జరిపిన ప్రయోగం 2010లో ఆశ పెట్టింది. 304 మందితో చేసి 2017లో ప్రచురించిన పెద్ద ప్రయోగంలో ఆ మేలు కనిపించలేదు. నయాసిన్ పరీక్షతో రోగ నిర్ధారణ చేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. చేపనూనె మీద భరోసాతో డాక్టరిచ్చిన మాత్రలు ఆపకండి.