గేర్లు లేని సైకిల్‌పై శ్రీశైలం

ప్రశ్న: నాది గేర్లు లేని, రాడ్ బ్రేకుల పాత సైకిల్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లాలనుంది. ఏమేం మార్చాలి?

జవాబు: నిక్షేపంగా వెళ్లొచ్చు. ముందు మార్చాల్సింది వెనక చక్రం ఫ్రీవీల్. మామూలుగా 18 పళ్లది ఉంటుంది. 22 పళ్లది వేయిస్తే ఒక్కో తొక్కుడుకు ముందుకెళ్లే దూరం ఐదో వంతు దాకా తగ్గుతుంది, ఎత్తులో కాళ్లకు ఆ మేరకు తేలిక. చైన్‌కు లింకులు కలపాల్సి రావచ్చు. చదునైన రోడ్డు మీద వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

అంతకన్నా నాకు బెంగ బ్రేకుల గురించే. దోమలపెంట దాటాక ఘాట్ రోడ్డు కృష్ణ ఒడ్డుకు దిగుతుంది. స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బర్లు సరిగా పట్టవు. కొత్తవి వేయించండి, రెండు బ్రేకులూ మార్చి మార్చి పట్టండి, వానలో మాత్రం దిగి నడిపించండి.

బరువు వీపున వద్దు. క్యారియర్‌కు రెండు పక్కలా సంచులు కట్టి, చక్రం పుల్లలకు తగలకుండా చూసుకోండి. ట్యూబు, పంపు, పంక్చర్ సామాను, చక్రం నట్లకు సరిపడే పానా తప్పనిసరి. మన్ననూరు తర్వాత పులుల అడవి. చీకటి పడకముందే దాటేలా బయల్దేరండి.